ఒక్క ఫిర్యాదూ లేదు

శనివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద గిన్నెలన్నీ తీయించేసి మూడు కంప్యూటర్లు వరసగా పెట్టాడతను. తనదీ, భార్యదీ, కూతురిదీ. నాలుగోది తండ్రి గదిలో ఉంది. దాని సంగతి చివర్న చూద్దామనుకున్నాడు.

అతను అచ్చుకెళ్లే పుస్తకాలకు పేజీలు కూర్చే మనిషి. మొన్నామధ్య పని అప్పజెప్పాల్సిన రోజే లైసెన్సు గడువు తీరిందంటూ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. ఆ రోజు నుంచీ అతనికి, విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను ఉచితంగా నడిపించే లినక్స్ తలకెక్కింది. మన యంత్రం మన చేతిలో ఉండాలని, ఏ కంపెనీ మన ఇంట్లోకి తొంగిచూడకూడదని కనిపించినవాళ్లందరికీ చెప్పసాగాడు. ఆదివారాలు లినక్స్ వాడేవాళ్ల సంఘానికి వెళ్లేవాడు. ముందు మీ ఇంటి కంప్యూటర్లు మార్చి చూపించండి అన్నారు అక్కడ.

భార్య లెక్కల టీచరు. "నా ప్రశ్నపత్రాల్లో గుర్తులన్నీ చెదిరిపోతే?" అంది.

"నేర్చుకుంటే అన్నీ వస్తాయి."

కూతురు మూతి ముడుచుకుంది. తను బొమ్మలు గీసేది ఇందులో రాదట.

"ఇంకోటి వస్తుంది. పేరు వేరు, పని అదే."

అప్పుడు గదిలోంచి తండ్రి అన్నాడు. "పిల్ల పరీక్షలయ్యేదాకా ఆగరా."

ఆయన ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాడు. ఆ గొంతు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుంది. కోపంలో పెరగదు, బతిమాలినా తగ్గదు. అందుకే అతనికి మరీ ఒళ్లు మండేది. నలభై ఆరేళ్లు వచ్చినా, అది వినబడగానే చేతిలో పని ఆగిపోయేది.

"ఆగక్కర్లేదు నాన్నా."

"ఇంట్లోవాళ్లని అడక్కుండా ఇంట్లో ఏదీ చేయకు."

భార్యా కూతురూ నవ్వు దాచుకున్నారు. అది అతని కంట పడనే పడింది.

మధ్యాహ్నానికి మూడూ అయిపోయాయి. భార్య ప్రశ్నపత్రంలో వర్గమూలాలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు కనిపించాయి. ఆమె నోరు తెరిచేలోగా గదిలోంచి మళ్లీ వినబడింది. "కోడలికి పాతది తిరిగి పెట్టివ్వు."

అతను విసురుగా లేచి వెళ్లాడు. తండ్రి కిటికీ పక్కన కుర్చీలో, తన తెరకు ఎదురుగా ఉన్నాడు.

"ఇప్పుడు నీ వంతు నాన్నా."

"నాది ముట్టుకోకు."

"ఇల్లంతా ఒకటే ఉండాలి."

"నా ప్రోగ్రాం అందులో నడవదు. నీకు తెలుసు."

"దానికి బదులు ఏదో ఒకటి ఉంటుంది. వెతుకుతాలే."

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మామయ్యగారిది వదిలేయండి. మీకు చెప్పాలా?"

"ఒకరికి వదిలేస్తే అందరికీ వదిలేయాలి."

తండ్రి ఇంకేదో అనబోయాడు. అతను వంగి కంప్యూటర్ ఆపేశాడు.

పెన్‌డ్రైవ్ గుచ్చాడు. పాతదంతా తుడిచేయనా అని రెండుసార్లు అడిగింది కంప్యూటర్. రెండుసార్లూ అవుననే నొక్కాడు. నలభై నిమిషాల్లో కొత్త తెర వచ్చింది, లేత నీలం రంగులో, ముచ్చటగా.

"బాగుందా?" అని అడిగాడు.

తండ్రి రెప్ప వేయకుండా తెరనే చూస్తున్నాడు. కాసేపటికి కళ్లమ్మట నీళ్లు కారాయి. వెలుతురు ఎక్కువైందేమోనని అతను కాస్త తగ్గించి బయటికొచ్చాడు.

ఆ తర్వాత ఇల్లు చాలా తేలిగ్గా దారికొచ్చింది. వెనకేసుకొచ్చే మనిషి లేకపోయేసరికి భార్య గొణుగుడు వంటిల్లు దాటి రాలేదు. కూతురు మాత్రం రెండు సాయంత్రాలు అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసుకుని తాతయ్య ముందు కూర్చుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఆయన మొహంలోకి చూసేది. మూడోరోజు అతను చూశాడు. "పరీక్షలు పెట్టుకుని ఈ ఆటలేంటి" అని అట్ట లాక్కుని రెండు ముక్కలు చేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"వెతికారా?" అని భార్య రోజూ అడిగేది.

"చూస్తున్నా."

రెండో వారం నుంచి ఆమె అడగడం మానేసింది. వెతకాలని అతనూ అనుకోలేదు. ఇంట్లో తన మాటే చివరి మాట కావడం అతనికి అదే మొదటిసారి. తండ్రి గది ముందు నుంచి ఈలవేసుకుంటూ నడిచిపోయేవాడు.

నెల తిరిగాక సంఘంవాళ్లు అతన్ని మాట్లాడమని పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ఇల్లు మొత్తం ఒక్క రోజులో ఎలా మార్చాడో వివరంగా చెప్పాడు. భార్య మొదట్లో ఎలా సణిగిందో, కూతురు ఎలా అలిగిందో చెప్పి నవ్వించాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. "మా ఇంట్లో ముసలాయన చస్తే ఒప్పుకోడు బాబూ. పాతది కాస్త కదిలిస్తే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లు పేచీ పెట్టలేదా?"

"మా నాన్నకి డెబ్భై ఆరేళ్లండీ. కొత్తది పెట్టిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క మాట అనలేదు" అన్నాడతను.

పక్షవాతంతో నోరూ కాళ్లూ చేతులూ పడిపోయిన ఆ తండ్రి ఈ మూడేళ్లూ మాట్లాడిన ప్రతి మాటా, కంటిచూపుతో ఆయన ఏరుకున్న అక్షరాలను గొంతుగా మార్చి వినిపించే ఆ పాత ప్రోగ్రాం పలికినదే.