మెడ వెనక ఎముక

“దాన్ని పీకి అవతల పారేస్తే పీడా వదులుతుందిగా!” అంది హెడ్‌మిస్ట్రెస్.

“అమ్మో, అంత పని చెయ్యకండి మేడం!” అన్నారు మాస్టర్లిద్దరూ ఒక్క గొంతుతో. ఈ గొడవ మొదలయ్యాక వాళ్ళిద్దరూ కలిసింది ఈ ఒక్క మాట మీదే.

టేబుల్ మీద గాజుపెట్టెలో గబ్బిలం అస్థిపంజరం ఉంది. దాని మెడ వెనక కొక్కెంలా ఓ బుల్లి ఎముక. ఏళ్ళ తరబడి ల్యాబ్ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయి, గోడలకు రంగులేసినన్నాళ్ళూ హెడ్‌మిస్ట్రెస్ గదిలో తలదాచుకున్న ఆ గబ్బిలం, తిరిగి ల్యాబ్‌కు చేరిన రోజే బయాలజీ మాస్టారి కంట్లో పడింది. అప్పట్నుంచి ఆవిడకు మనశ్శాంతి కరువైంది.

“ఏ పుస్తకంలోనూ లేదు మేడం ఈ ఎముక!” బయాలజీ మాస్టారు ఊగిపోయాడు. “దీని పూర్వీకులకి అక్కడేదో ఉండేది. లక్షల ఏళ్ళలో అరిగి అరిగి ఈ కాస్త మిగిలింది. పరిణామానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?”

“మిగలడమేంటి బావా?” ఫిజిక్స్ మాస్టారు ఆయనకు స్వయానా బావమరిది. “తలకిందులుగా వేలాడే ప్రాణికి మెడ విరక్కుండా ఆసరా అది. పైవాడు ఎంత కొలిచి పెట్టాడో చూడు! ఇంత చక్కటి అమరిక వెనక ఓ బుద్ధంటూ లేకుండా ఎలా ఉంటుంది?”

“బుద్ధి గురించి నువ్వు మాట్లాడకు!”

“చూశారా మేడం? మా అక్క ఈయనతో ఎలా వేగుతోందో!”

హెడ్‌మిస్ట్రెస్ తల పట్టుకుంది. “పరీక్షలు నెత్తిమీదకొచ్చాయి. పిల్లల్ని గాలికొదిలేసి ఈ గోలేంటయ్యా?”

“ఇవాళ తేలాల్సిందే మేడం. తేలకపోతే రేపట్నుంచి బడికి రాను,” అన్నాడు బావ.

“అయితే నేనూ రాను.”

వీళ్ళిద్దరూ మానేస్తే పదో తరగతికి సైన్సు చెప్పే దిక్కే ఉండదు. ఏడుపొక్కటే తక్కువైంది ఆవిడకు.

“మీరే చెప్పండి,” బావమరిది టేబుల్ మీదకు వంగాడు. “ఆ ఎముక అక్కడికి దానంతటదే వచ్చిందా, ఎవరైనా పెట్టారా?”

“పెట్టారయ్యా, పెట్టారు!” ఆవిడ ఓపిక నశించింది.

బావమరిది మొహం వెలిగిపోయింది. “బాగా ఆలోచించే పెట్టారంటారు కదూ?”

“ఏ ఆలోచనా లేకుండానే!”

ఈసారి బావ కూడా ముందుకు వంగాడు. ఇద్దరూ ఆవిడ నోటివైపే చూస్తున్నారు.

“కిందపడేసిందీ నేనే, అతికించాక మిగిలిన ముక్కని అక్కడ అంటించిందీ నేనే!”