చుట్టాలుండగానే దీపం ఆర్పినవాడు

“పలికింది!” అని యూర్లెయ్‌డిస్ కేక వేసింది. పికో అనే వీధి సంబరాల సౌండ్ సిస్టమ్ పెట్టెల్లో పాటను సరిచేసే బోర్డు మీద, వాళ్ళకు మిగిలిన ఒకే ఒక్క చిప్ మేలుకుంది. ముందటివి రెండూ ఇలాగే సాయంత్రం పలికి, మర్నాటికి చచ్చాయి. ఇదీ పోతే శనివారం బర్రాంకియా నగరంలో జరిగే వీధి సంబరంలో వాళ్ళ పికో మూగదే.

ఆమె మొగుడు ఎబెర్తో కొత్త పెళ్ళాన్ని ముద్దాడాడు. “పద బంగారం, అరేపా రొట్టెలు తిందాం” అంటూ చిప్‌కున్న రెండు కరెంటు స్విచ్‌లలో లోపలిదాని మీద చెయ్యి వేశాడు.

“ఆగు! రోజూ ముందు అదే ఆపేస్తున్నావా?”

“ముందు వేసిందాన్నే ముందు ఆపాలి కదా?”

“ఓరి మహానుభావా, ఆ రెండిటినీ చంపింది నువ్వే! లోపలి కరెంటు ఇంటాయన, బయటిది చుట్టాలు. ఇంటాయన ముందు లేవాలి, చుట్టాలు వెళ్ళాకే పడుకోవాలి. లేకపోతే బయటి కరెంటు లోపలికి చొరబడి చిప్‌ను కాల్చేస్తుంది.”

ఎబెర్తో చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. “అంటే, మన పెళ్ళిలో...”

“మా మేనత్తలింకా చిందులేస్తుంటే దీపాలార్పి నన్ను లాక్కుపోయావు.”

ఈసారి అతను బయటి కరెంటు ముందు ఆపి, తర్వాత లోపలిది ఆపాడు. ఆమె మళ్ళీ వేసి చూసింది. చిప్ బుద్ధిగా పలికింది.

“నీ చేతిని నమ్మను. రేపు ఆ వరుస తప్పనివ్వని కాపలా సర్క్యూట్ నేను కడతాను” అంది నవ్వుతూ. “నువ్వెళ్ళి మా మేనత్తలందరినీ శనివారానికి పిలువు. చివరి అత్త కదిలేదాకా నీకు నిద్ర లేదు.”