అందరిదీ ఒకే రాత

"ఎవరు? ఎవరు రాశారిది?"

హెడ్‌మిస్ట్రెస్ అరుపుకి వరండాలో పావురాలు ఎగిరిపోయాయి. ఆఫీసు గది బయట, నిన్ననే సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో ఒకే వాక్యం: "మేడమ్‌కి అరవడం తప్ప ఇంకేమీ చేతకాదు." తిట్టు తిట్టే గానీ, అక్షరాలు మాత్రం కళ్లకద్దుకునేలా ఉన్నాయి.

అంత చక్కని రాత ఆ బళ్లో ఏడో తరగతి వాళ్లదే. వాళ్లకి చేతిరాత దిద్దించేది ముత్యాల మాస్టారు. అది పిల్లలు పెట్టిన పేరు. తన రాతకీ వాళ్ల రాతకీ తేడా తెలియకుండా పోయేదాకా ఆయన ఎవర్నీ వదలరు.

మేడమ్ ఆయన్ని వెంటబెట్టుకుని క్లాసులోకి దూసుకొచ్చారు.

"అక్షరాలు దిద్దించడం తప్ప మీకేమీ చేతకాదని నిన్న మీటింగులో అన్నాను కదా! ఇవాళ అదైనా పనికొస్తుందేమో చూద్దాం. చెప్పండి, ఎవరి రాత?"

మాస్టారి మొహం కందగడ్డయింది. "ఎలా చెప్పను మేడమ్? అందరూ బాగానే రాస్తారు."

"అయితే ఒక్కొక్కరూ లేచి బోర్డు మీద అదే వాక్యం రాయండి!"

ఒకరి తర్వాత ఒకరు రాశారు. అదే పొందిక, అదే గుండ్రం, అచ్చం గోడ మీద ఉన్నట్టే. తిట్టు బోర్డంతా నిండిపోయింది. పిల్లలు నవ్వాపుకోలేక పెదాలు కొరుక్కుంటుంటే మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఇది క్లాసా, ప్రింటింగ్ ప్రెస్సా?"

మాస్టారు వెనక బెంచీ వైపు వేలు చూపించారు. "ఆ కోడిగీతలే అయ్యుంటుంది మేడమ్. దానికి నోటి దురుసెక్కువ."

మొదట్లో ఆ పిల్ల రాత చూసి ఆయనే పెట్టిన పేరది. ఇప్పుడు ఆమె అక్షరాలూ ముత్యాలే. పేరు మాత్రం వదల్లేదు.

"నేను రాయలేదు!"

"నోర్ముయ్!" మేడమ్ అరిచారు. "మీ అమ్మని రమ్మను. సాయంత్రానికల్లా టీసీ చేతిలో పెట్టి పంపిస్తాను."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కన్నా కోపమే ఎక్కువ. ఎవరో గోడ పాడుచేస్తే బడి మానాల్సింది తనా? విసవిసా బోర్డు దగ్గరకి వచ్చింది.

"అందరి రాతా ఒకటే అయితే నేనేనని ఎలా అంటారు మేడమ్? క్లాసంతా రాసింది. సార్ ఒక్కరే రాయలేదు. ఆయన్ని కూడా రాయమనండి!"

"ఎంత పొగరే నీకు!" మాస్టారు చెయ్యెత్తారు.

"ఆగండి మాస్టారూ," మేడమ్ సుద్దముక్క ఆయన చేతిలో పెట్టారు. "ఒక్క వాక్యం రాసి పడేయండి. దీని నోరు మూతపడుతుంది."

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. క్లాసంతటికీ రాత నేర్పిన ఆ ముత్యాల మాస్టారు, అచ్చం కోడి కెలికినట్టు రాశారు.