అయిదు వేళ్ళు

"ఇరవై అయిదు రోజులన్నారు. ఇప్పుడు అయిదంటారేమిటి? మిగతా ఇరవై ఎవరు మింగారే పిల్లా?" అని నబుకీర నర్సును నిలదీసింది.

నర్సు అపియో మూతికి కట్టుకున్న మాస్కు సర్దుకుంది. "ఎవరూ మింగలేదవ్వా. కరోనాతో బండ్లన్నీ ఆగిపోయాయి. అయిదు వారాలు నిన్నిక్కడ ఉంచితే నీకే ముప్పు. అందుకే క్యాన్సరుకు రోజుకిచ్చే కరెంటు మోతాదు పెంచి, వారంలో ముగించేస్తున్నారు. పని అంతే చేస్తుంది."

"మంట పెంచితే అరటికాయలు బాగా ఉడుకుతాయా? పైన మాడతాయి, లోపల పచ్చిగా ఉంటాయి. నలభై ఏళ్ళుగా అరటికాయ మటోకే వండుతున్నాను, నాకు చెప్పొచ్చావు!"

అపియో నవ్వింది గానీ నబుకీరకు నవ్వు రాలేదు. ఆమె అక్కకూ ఇలాగే జరిగింది. ఇక రానక్కరలేదని ఆసుపత్రివాళ్ళు పంపేస్తే, నయమైపోయిందని ఇంట్లో కోడిని కోశారు. నెల తిరగకుండా ఆమెను చెట్టు బెరడు బట్టలో చుట్టి అరటితోటలో పూడ్చారు. రోజులు తగ్గించారంటే ఆశ వదిలేశారనే కదా అర్థం?

యంత్రం గదిలో ఒక్కడే మనిషి. తక్కినవాళ్ళంతా పోలీసు అడ్డుకట్టల అవతల చిక్కుకుపోతే, ఆసుపత్రిలోనే పడుకుంటూ అతనొక్కడే యంత్రం నడుపుతున్నాడట. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, దాని మీద ఆవిరి పట్టిన ప్లాస్టిక్కు తెర, కాళ్ళకు రబ్బరు బూట్లు. మనిషో బూచో తెలియదు.

అతను నోరు విప్పలేదు. బల్ల చూపించాడు. ఆమె పడుకుంటే మెడ నుంచి బట్ట కప్పి, కోసిన రొమ్ము చోటు మాత్రం వదిలాడు. కరెంటు పడే చోట గీసిన సిరా గీతలు చూసుకోవలసినంత సేపు చూసి, వేలి కొసలతో భుజం సర్ది, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అయిదు వేళ్ళు ఎత్తి, ఒకటి మడిచాడు. తలుపు మూసుకుంది. కదలకూడదు, పిలిచినా ఎవరూ రారు. యంత్రం రొద పెడుతుంటే ఆమె పైకప్పును చూస్తూ పడుకుంది.

"ఆ లోపలివాడు మూగవాడా?" బయటికొచ్చి అడిగింది.

"కాదవ్వా! అందరితో బాగానే మాట్లాడతాడు."

నబుకీర ఆ తలుపు వైపు చూసింది. అందరితో మాట్లాడతాడు. తనతోనే మాట్లాడడు. చచ్చేవాళ్ళతో మాటలెందుకనుకున్నాడు కాబోలు.

రెండో రోజు అపియో అడిగింది: "నీకెవరూ లేరా అవ్వా? ఎవరికైనా ఫోన్ చెయ్యనా?"

"కూతురుంది, ముకోనోలో. ఎనిమిదో నెల. ఈ సంగతి దానికి తెలియకూడదు."

"అల్లుడో?"

"అల్లుడా! నోటితో అనకూడని మాట అది. నువ్వు ఉత్తరాది పిల్లవి, నీకేం తెలుసు? మా బగాండా జాతిలో అల్లుడు అత్త ముఖం చూడకూడదు. ఇక ముట్టుకున్నాడా, చేతులకు వణుకు పట్టుకుంటుంది. చచ్చేదాకా వదలదు."

"మా వైపు అల్లుడొస్తే అత్త కోడిని కోస్తుంది."

"మేమూ కోస్తాం. గోడ అవతలి నుంచి! ఎనిమిదేళ్ళయింది పెళ్ళయి. గోడ అవతల నిలబడి పలకరిస్తాడు. గొంతు తెలుసు, ముఖం తెలియదు. ఏదో కరెంటు యంత్రాల పనట. బంగారంలాంటి మనిషి."

మూడో రోజు చర్మం మండింది. ఆమె బల్ల ఎక్కలేదు.

"నేను పోతాను. పైన మాడ్చి లోపల పచ్చిగా వదిలేసే ఈ వంట నాకొద్దు. నిజం చెప్పు నాయనా, నేను బతకననే కదా రోజులు కోసేశారు? ఒక్క మాట చెప్పు. అవునో, కాదో!"

అతను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె గుమ్మం వైపు నడిచింది. అప్పుడతను తలుపుకు అడ్డంగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తల నేలకు వంచి, మూడు వేళ్ళు ఎత్తాడు.

మగవాడు ఆడదాని ముందు మోకాళ్ళెయ్యడమా! నబుకీర నిలువునా బిగుసుకుపోయింది. "లే నాయనా, లే. ఇంత దండం శవానికే పెడతారు," అని గొణుక్కుంటూ తనే వెళ్ళి బల్ల మీద పడుకుంది. ఎదిరించే ఓపిక ఇక ఆమెకు లేదు.

అయిదో రోజు అతను చివరి వేలూ మడిచాడు. ఆమె బయటికి పోతుంటే గోడకు కరుచుకుని, తల దించుకుని, దారి వదిలాడు.

"నా ముఖం చూడలేనంత ఘోరంగా ఉన్నానా?" అంది నబుకీర.

అతను ముఖం గోడకు తిప్పుకున్నాడు.

బండ్లు లేవు గనుక నన్సానాలోని ఇంటి దాకా ఎండలో నడిచే వెళ్ళింది. మర్నాడు పొద్దున అరటితోటలో ఆకులు కోస్తుంటే కూతురు నస్సాలి ఫోన్ చేసింది.

"అమ్మా, ఎలా ఉన్నావు?"

"నాకేమే, రాయిలా ఉన్నాను."

"ఆయనకు ఇవాళ్టికి సెలవు దొరికింది, మూడు వారాల తరువాత. వస్తూనే ఏమన్నారో తెలుసా? 'మీ అమ్మ ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిందో లేదో కనుక్కో, ఆమెకు నయమవుతుందని చెప్పు' అన్నారు. నువ్వు ఆసుపత్రికెందుకు వెళ్ళావు? ఆయనకెలా తెలుసు?"

నబుకీర చేతిలోని ఆకు జారిపోయింది.

"పలకవేమమ్మా? ఆయనా అంతే. టీ ఇస్తే కప్పు పట్టుకోలేకపోయారు."

"ఏమైందే?"

"చేతులు వణుకుతున్నాయమ్మా."