ఏడు సెకన్లు

సాఫ్ట్‌వేర్ అంతా యంత్రాలే రాసుకుంటున్నా, ఏ మార్పునైనా అమల్లో పెట్టేముందు ఒక మనిషి చదివి ఒప్పుకోవాలని చట్టం. మా అపార్ట్‌మెంట్‌లో సగంమందిమి ఇంట్లో కూర్చుని చేసేది ఆ పనే. కనీసం ఏడు సెకన్లు గడిస్తేగాని తెర మీద "చదివాను" అన్న బటన్ వెలగదు. ఆ ఏడు సెకన్లలో నేను రెండు చిక్కుడుకాయలకు ఈనెలు తీసేస్తాను.

ఇవాళ పొద్దున పక్కింటి బుల్లెమ్మగారు వాచిన మొహంతో వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"నిన్న డయాలసిస్ చెయ్యలేదమ్మా హైమా. ఆసుపత్రోళ్లు ముందు ఫోన్ చేశారంట. మూడు రింగుల్లో ఎత్తలేదని నా మంచం ఇంకోళ్లకిచ్చేశారు. మళ్లీ శుక్రవారం దాకా ఖాళీ లేదంట. ఇదివరకైతే ఇంటికి మనిషిని పంపేవోళ్లు. ఈ చెవులతో నాకేం వినపడుద్ది? తప్పు నాదేలే."

మూడు రింగులన్న మాట ఎక్కడో చూసినట్టనిపించింది. సోమవారం నేను ఒప్పుకున్న మార్పుల జాబితా తెరిచాను. ఆసుపత్రి డయాలసిస్ వంతుల్లో మార్పు: మూడు రింగుల్లో ఫోన్ ఎత్తకపోతే వంతు తర్వాతివారికి ఇవ్వాలి, ఇంటికి మనిషిని పంపడం మానెయ్యాలి. కింద, చదివినవారు: హైమావతి. పట్టిన సమయం: ఏడు సెకన్లు.

"తప్పు మీది కాదండీ, నాది," అన్నాను.

"ఏవన్నావమ్మా?" అంటూ ఆవిడ చెవిని నా నోటి దగ్గరికి వంచారు.

"చిక్కుడుకాయ కూర పంపిస్తాను, తినండి," అన్నాను, ఈసారి గట్టిగా.