కంటికి ఒకటి, వేలికి ఒకటి

"ఈ తలుపు పక్కన బాత్రూం అని ఉంది బాబూ."

త్రినాధరావు చేతిలోని స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడింది.

నల్లద్దాలు, తెల్లకర్ర, భుజాన గుడ్డసంచి. అరవై దాటిన ఆడమనిషి. రెండో అంతస్తులో జంట తలుపుల పక్కన, గోడకున్న బోర్డు మీద వేలు పెట్టి నిలబడింది.

"ఏటమ్మా నువ్వనేది? 'మెట్లు' అని గుమ్మడికాయంత అచ్చరాలుంటే!"

"అక్షరాలు నీకు. చుక్కలు నాకు."

అనకాపల్లిలో కొత్త ఆసుపత్రి భవనం అది. నలభై రెండు బోర్డులు. పదకొండింటికి ప్రారంభం. రిబ్బను కత్తిరించగానే, చూపులేని అతిథులు పదిమంది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, బోర్డులు తడుముకుంటూ భవనమంతా తిరగాలని యజమాని వరప్రసాదరావు ముచ్చట.

ఆ ముచ్చటే త్రినాధరావుకి ముచ్చెమటలు పోయిస్తోంది.

పాతికేళ్ళుగా ఊళ్ళో బోర్డులు పెట్టాడు గానీ ఏనాడూ బోర్డు తిప్పెయ్యలేదు. కానీ ఇవి బ్రెయిలీ బోర్డులు. పేరులో మూడు, మొహాన రెండు కళ్ళు, చుక్కలు చదవడంలో సున్నా!

అక్షరాల బోర్డులు వేరేగా కోశాడు. చుక్కలకి వేరే పట్టీలు చేశాడు. కంప్యూటరు చెప్పినచోటల్లా మిషను చిల్లు పెడితే, చిల్లుకో ఆవగింజంత గోళీ నొక్కాడు. ఆ పట్టీలు విశాఖలో బ్రెయిలీ పనులు చూసే శాంతికుమార్ ఆఫీసుకి వెళ్ళాయి. అక్కడెవరో చెకింగ్ మేడమ్ వేలితో చదివి, ఒక్కొక్కటీ ఓకే చేసి పంపింది. తెచ్చి అక్షరాల కింద అంటించాడు. అంతే.

"సెకింగయిపోనాయమ్మా! ఇశాపట్నంలో పెద్ద మేడమే సూసింది. మజ్జిలో నువ్వెవరు?"

"పట్టీలు చూసేరు బాబూ. అంటించింది ఎవరు చూసేరు?"

త్రినాధరావు బోర్డు మీదికి వంగి చుక్కలకేసి చూశాడు.

"నేను..." అంటూ ఆవిడ ఏదో చెప్పబోయింది.

"త్రినాధా!" కింద నుంచి వరప్రసాదరావు కేక.

"గట్టిగా అనకు తల్లీ, ఆయన సెవిన పడితే నా పనయిపోద్ది! దండం పెడతాను, నువ్విక్కడ ఉండకు. ఎల్లిపో!"

అన్నాడే గానీ, ఎందుకైనా మంచిదని బోర్డు ఫోటో తీసి శాంతికుమార్ కి పంపి, మెట్లు దిగాడు. అతనికంటే ముందే గుండె దిగిపోయింది.

కింద అందరూ చప్పట్లు కొడుతున్నారు. త్రినాధరావు పళ్ళు కొట్టుకుంటున్నాయి.

పట్టీలు అంటించిన రోజు ఫ్యానుగాలికి రెండు పట్టీలు బల్ల మీంచి కిందపడ్డాయి. రెండూ ఒకే పొడుగు. ఏరి అంటించాడు. ఏది ఏదో?

బాత్రూం దగ్గర మెట్లని ఉంటే నవ్వులపాలు. మెట్ల దగ్గర బాత్రూమని ఉంటే? తలుపు తోస్తారు. అడుగేస్తారు. కాలి కింద నేల ఉండదు. పద్నాలుగు మెట్లు, కింద గ్రానైటు.

పట్టపగలు చుక్కలు కనిపించడమంటే ఇన్నాళ్ళూ ఉత్తమాటే అనుకున్నాడు.

అతిథులు లిఫ్టులో పైకి వెళ్ళిపోయారు. అప్పుడు మోగింది ఫోను. శాంతికుమార్.

"త్రినాధరావుగారూ, చార్టు పెట్టుకుని రెండుసార్లు చూశానండీ. ఆ చుక్కలు బాత్రూమే! ముందా బోర్డు పీకెయ్యండి!"

ఫోను చేతిలో అలాగే ఉంది. మెట్లమీదుగా పరుగు. వెనకాలే వాచ్‌మన్ పోతురాజు.

పైన తలుపు అవతల ఎవరిదో గొంతు. "ఇదిగో బాత్రూం. నేనెల్తాను, మీరుండండి."

తలుపు కదిలింది.

త్రినాధరావు సగం మెట్ల మీద ఆగిపోయి, మీద పడబోయే మనిషిని పట్టుకోవడానికి రెండు చేతులూ చాచాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఎవరూ పడలేదు.

తలుపు దబదబా కొట్టుకుంటోంది గానీ తెరుచుకోవడం లేదు. "ఇదేటిది, బిగిసిపోనాది?"

"తొయ్యకండి బాబూ! ఇవి మెట్లు! ఎనక్కెల్లండి!"

రెండు తలుపుల సందులోంచి చూశాడు. అవతలి పక్క పిడులు రెండింట్లోంచి అడ్డంగా, గడియలా, తెల్లకర్ర.

మెట్టు మీద కూలబడ్డాడు.

"పోతురాజూ, ఆ నల్లద్దాల మామ్మేదిరా?"

"ఎల్లిపోనాది బావా. కర్ర నేకండా, నీ బోర్డులే తడుముకుంటా గేటుదాకా వచ్చీసింది. నానే రోడ్డు దాటించి బస్సెక్కించేను. బోర్డు మార్సేదాకా కర్ర తియ్యొద్దని నీకు సెప్పమంది. సెప్దామంటే నువ్వు రిబ్బను కాడున్నావు."

"ఏ బస్సు?"

"ఇశాపట్నం."

చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతోంది.

"హలో, ఉన్నారా? అంటించింది చూడందే తనకి నిద్ర పట్టట్లేదని తలుపులమ్మగారు పొద్దున్నే మీ ఊరు బయల్దేరారండీ, కలిశారా? మీ నలభై రెండు పట్టీలూ వేలితో చదివి ఓకే చేసిన మేడమ్ ఆవిడే."