వదలని పట్టు

"కదలకురా! కదిలావంటే చస్తావు!"

వెర్నన్ తన బరువంతా వేసి డ్వేన్‌ని నేలకు అదిమిపెట్టాడు. మణికట్ల దాకా నెత్తురు. మోకాలి పక్కన ఇనుపరేకు అరగదీసి చేసిన చాకు పడి ఉంది. డ్వేన్ గింజుకుంటున్నాడు, తన్నుకుంటున్నాడు, వెర్నన్ అమ్మని, అక్కని ఎవరినీ వదలకుండా తిడుతున్నాడు. వెర్నన్ చేతులు మాత్రం అంగుళం కదల్లేదు.

జైలంతా తగలబడుతోంది. పొద్దున టిఫిన్ల దగ్గర మొదలైన కొట్లాట మధ్యాహ్నానికి నాలుగు బ్లాకులకూ పాకింది. పరుపులు కాలుతున్నాయి. పై అంతస్తు నుంచి ఎవరినో కిందికి విసిరేసిన చప్పుడు, వెంటనే ఈలలు. అసలే ఆలబామా ఎండ, పైన ఈ మంటలు. డి బ్లాకు వరండాలో మిగిలింది వీళ్లిద్దరే. ఒకడు నల్లవాడు, అరవై రెండేళ్లు, ఒంటి మీద చొక్కా లేదు, బనియను చిరిగి వేలాడుతోంది. ఇంకొకడు తెల్లవాడు, ముప్పై దాటి ఉంటాయి, గడ్డం దాకా కప్పిన తెల్లకోటు.

"నీ నల్లచేతులు తియ్" అన్నాడు డ్వేన్ పళ్లు కొరుకుతూ.

"పోయిన మంగళవారం కూడా ఇదే కూశావు. నా ఒంటి మీద చెయ్యి వేస్తే వేళ్లు విరగ్గొడతానన్నావు. ఏదీ, ఇప్పుడు విరగ్గొట్టు."

పదకొండేళ్లు ఈ గోడల మధ్యే గడిచాయి వెర్నన్‌కి. గేటు దగ్గర రోజూ ఒళ్లంతా తడిమేవాళ్లు. బూట్లు విప్పించేవాళ్లు. కార్డు చూపిస్తే ఫొటో వంక, ముఖం వంక రెండేసిసార్లు చూసేవాళ్లు. వెనక వచ్చిన తెల్లవాళ్లను మాత్రం భుజం తట్టి పంపేసేవాళ్లు. కొత్తగా ఏ ఆఫీసరొచ్చినా చెత్తబుట్ట చూపించి "తీసుకుపో అబ్బాయ్" అనడమే. తల నెరిసినవాణ్ని అబ్బాయ్ అనడానికి నోరెలా వస్తుందో! వెర్నన్ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. చెబితే దురుసు మనిషని కాగితాలకెక్కిస్తారు.

ఇంకా పంతొమ్మిది రోజులు. వంటగదిలో క్యాలెండరు మీద అతని భార్య ఆల్బెర్టా రోజుకో గడి కొట్టేస్తోంది. "ఒక్కసారి బయటపడు. మళ్లీ ఆ గేటు ముఖం చూడనిస్తే నన్నడుగు" అంది మొన్న ఆదివారం. నది ఒడ్డున కుర్చీలు వేసుకుని జెల్లచేపలు పట్టుకోవాలని ఇద్దరికీ ఎన్నాళ్లుగానో ఆశ. అందుకు ఇవాళ ప్రాణాలతో మిగలాలి.

లేచి పరిగెత్తి ఏ గదిలోనో దాక్కుంటే మిగులుతాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ డ్వేన్‌ని వదలడానికి చేతులు రావడం లేదు.

వరండా చివర తలుపు పేలింది. పొగగుండు దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనకే ముసుగుల్లో ఆరుగురు. రాజధాని నుంచి అప్పుడే దిగిన దళం, ఇక్కడ ఎవరి ముఖమూ ఎరగరు. ఎరగకపోతేనేం? తెల్లకోటు, తెల్లమనిషి. పక్కన నెత్తుటి చాకు, మీద నల్లవాడు. ఇంక అడగాల్సిందేముంది?

"డాక్టర్ని పట్టుకున్నాడు! డాక్టర్ని పట్టుకున్నాడు!"

"వదల్రా ముసలోడా! చేతులు పైకెత్తు!"

పొగకి వెర్నన్ గొంతు పూడుకుపోయింది. కళ్లు మండి ఏమీ కనబడడం లేదు. "చెయ్యి తీస్తే... వీడు చచ్చిపోతాడు" అని మాత్రం అనగలిగాడు.

"మనల్నే బెదిరిస్తున్నాడు సార్జెంట్!"

మొదటి లాఠీ దెబ్బ భుజం మీద పడింది. వదల్లేదు. రెండోది మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు వాళ్లందరికీ వినిపించింది. అప్పుడూ వదల్లేదు. ఇలాంటి మొండిఘటాన్ని ఎక్కడా చూడలేదనుకుని నలుగురు కలిసి మీదపడ్డారు. జుట్టు పట్టి లాగారు. డొక్కలో బూట్లతో కుమ్మారు. మూతి మీద తుపాకీ మడమతో మోదారు. చివరికి సార్జెంటే కూర్చుని వెర్నన్ వేళ్లను ఒక్కొక్కటే వెనక్కి విరిచి, ఆ చేతుల్ని ఊడదీశాడు. పక్కకి పడదోసి, చెంప మీద బూటు వేసి తొక్కాడు.

"ఇన్నాళ్లు మేపింది ఇందుకా నిన్ను?" అన్నాడు.

"అక్కడ... నొక్కు..." అన్నాడు వెర్నన్. పళ్లు రాలిన నోట్లోంచి వచ్చిన ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా.

డ్వేన్‌ని స్ట్రెచరు మీదికి ఎత్తారు. "భయపడకండి డాక్టరుగారూ, వచ్చేశాం కదా!" అంటూ ఒకడు ముసుగు తీసి అతని నుదురు తుడిచాడు. డ్వేన్ నవ్వబోయాడు. అంతలో కోటు కింద నుంచి నెత్తురు గోడ దాకా ఎగజిమ్మింది.

"సార్, ఆగడం లేదు! ఎక్కడ నొక్కాలో తెలియడం లేదు! డాక్టరుగారు కళ్లు తేలేస్తున్నారు!"

"జైల్లో ఇంకో డాక్టరుంటే పిలిపించండి, తొందరగా!"

"ఉన్నదే ఒక్కరని గేటు దగ్గర చెప్పారు సార్. ఈయనే."

"అయితే పేరు చెప్పు. అంబులెన్సు వాళ్లకి చెప్పాలి."

పేరు ఎవరికీ తెలియదు. సార్జెంటు బూటు తియ్యకుండానే స్ట్రెచరు వైపు వంగాడు. తెల్లకోటు జేబుకి వేలాడుతున్న కార్డును అందుకుని, దాని మీది నెత్తురు బొటనవేలితో తుడిచాడు.

డాక్టర్ అన్న అక్షరాల పైన, ఫొటోలో ఉన్నది తన బూటు కింద ఉన్న ముఖమే.